‘టాప్ గేర్’ కొరియా వెళ్లాక ఏం మార్చాలి?

ప్రశ్న: బ్రిటన్ కార్ల షో ‘టాప్ గేర్’కి కొరియా రూపం చూశాను. ట్రాక్, హెల్మెట్ తీయని డ్రైవర్, స్టార్లు ట్రాక్‌ను ఒక చుట్టు తిరిగే ల్యాప్ అన్నీ ఉన్నాయి. ఆ ఎకసెక్కాలు మాత్రం అంతగా పండలేదు. ఎందుకు?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: చిక్కంతా క్రియ చివర ఉంది. 2002లో బీబీసీ ఈ షోని కొత్త రూపంలో మొదలుపెట్టాక దాన్ని నిలబెట్టింది కార్లకన్నా ముగ్గురు వ్యాఖ్యాతలు ఒకరినొకరు ఏడిపించుకోవడమే. ఇంగ్లిషులో ‘యూ’ అంటే సరిపోతుంది. కొరియన్‌లో అలా కుదరదు. మన నువ్వు–మీరు తేడా వాళ్లకు ప్రతి వాక్యం చివరా తేలిపోతుంది. మర్యాద మాట జొందేన్మల్, చనువు మాట బన్మల్.

2011 ఆగస్టులో ఎక్స్‌టీఎం కేబుల్ ఛానెల్లో షో మొదలైనప్పుడు ఉన్న ముగ్గురు: నటులు కిమ్ కాప్‌సూ, యోన్ జంగ్‌హూన్, రేసులు కూడా నడిపే ర్యాపర్ కిమ్ జిన్‌ప్యో. కాప్‌సూ 1957లో పుట్టారు. మిగతా ఇద్దరూ ఆయనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు. అంత పెద్దాయనతో ‘నీ కారు డొక్కు’ అంటే ప్రేక్షకుడికే ఒళ్లు మండుతుంది. ‘మీ కారు కాస్త పాతదేమోనండీ’ అంటే నవ్వు రాదు.

బ్రిటిష్ స్క్రిప్టును అనువదించి లాభం లేదు. వెక్కిరింతను మనిషి మీంచి కారు మీదకు మళ్లించాలి. పెద్దాయన ముందు తనమీద తానే జోకు వేసుకోవాలి, అప్పుడు చిన్నవాళ్లకు దారి దొరుకుతుంది. కొరియన్ వినోద షోల్లో తెరమీద పెద్ద అక్షరాలతో వ్యాఖ్యలు వేయడం మామూలే. నోటితో అనలేనిది అక్కడ అనిపించవచ్చు. నన్నడిగితే అన్నిటికన్నా మంచిది, దాదాపు ఒకే వయసు ముగ్గురిని తీసుకోవడం.

ప్రశ్న: పరీక్షల అంకెలు బ్రిటన్ షో నుంచి నేరుగా తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. వాళ్లు కొలిచేది కారు 0 నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకునే టైము, అంటే గంటకు 96.6 కి.మీ. కొరియన్లకు కావాల్సింది ‘జెరోబెక్’, 0 నుంచి 100 కి.మీ. టైము. తేడా 3.4 కి.మీ.యే గానీ, సరిగ్గా ఆ మధ్యలో గేరు మార్చాల్సివస్తే సెకనులో కొన్ని పదో వంతులు పోతాయి. 60 మైళ్ల టైము పక్కన 100 కి.మీ. అని రాస్తే అబద్ధమే. ఇంజన్ శక్తి కూడా మార్చుకోవాలి: బ్రిటిష్ కొలతలో 500 బీహెచ్‌పీ అంటే మెట్రిక్ కొలతలో 507 పీఎస్. గాలన్‌కు 30 మైళ్లంటే, బ్రిటిష్ గాలన్ లెక్కన, లీటరుకు 10.6 కి.మీ. ల్యాప్ పట్టికలు అసలు కలపకూడదు. బ్రిటన్ షో వాడిన డన్స్‌ఫోల్డ్ ట్రాక్ 1.75 మైళ్లు, ఆ టైములు అక్కడికే చెల్లుతాయి. కొత్త పట్టికకు స్టార్లందరికీ ఒకే కారు, ఒకే రకం టైర్లు, వాటిలో ఒకే గాలి పీడనం ఉండాలి. ట్రాక్ తడిగా ఉంటే పేరు పక్కన గుర్తు వేయాలి.

ఇంకొకటి: కొరియాలో బండి రోడ్డుకు కుడివైపు నడుస్తుంది, స్టీరింగ్ ఎడమన ఉంటుంది. లోపలి కెమెరాల అమరిక తిరగేసుకోవాలి.

ప్రశ్న: స్టార్లు నడిపే ‘చవక కారు’ ఏది పెట్టాలి?

జవాబు: బ్రిటన్‌లో మొదట సుజుకి లియానా. 2006లో షెవర్లే లాసెట్టీ వచ్చింది, అది తయారుచేసింది కొరియాలోని జీఎం దేవూ. 2010లో కియా సీడ్. సుజుకి తర్వాత చవకకు గుర్తుగా వాళ్లు ఎంచుకున్న ఈ రెండూ కొరియా కంపెనీల కార్లే! సియోల్ రోడ్ల మీద ఎటు చూసినా హ్యుందాయ్, కియాలే కనిపించే చోట ఆ జోకు చెల్లదు. అక్కడ పెట్టాల్సింది ఇంటింటా ఉండే మామూలు స్వదేశీ కారే. ఆటోమేటిక్ అయితే మేలు, అక్కడ ఆటోమేటిక్‌కే పరిమితమైన లైసెన్సు విడిగా ఉంది. మాన్యువల్ పెడితే ఆ ఆటోమేటిక్ లైసెన్సు మాత్రమే ఉన్న స్టార్లకు ముందు క్లచ్ నేర్పాలి, ల్యాప్ ప్రాక్టీసుకు టైము మిగలదు.