విటమిన్ సి బిళ్ళతో షుగర్ ఆగుతుందా?

ప్రశ్న: నా వయసు 46, టీచర్ని. స్కూల్లో పెట్టిన హెల్త్ క్యాంపులో పరగడుపు షుగర్ 112 వచ్చింది. ల్యాబ్‌లో చేయిస్తే మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1 అన్నారు. ఇది ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు దశ) అని చెప్పి డాక్టర్‌గారు నడవమన్నారు, బరువు తగ్గమన్నారు, మందేమీ రాయలేదు. మా తోడికోడలేమో ఈ దశలోనే లోపల కణాలు దెబ్బతింటాయి, రోజూ వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి వేసుకుంటే అది కాపాడుతుంది, షుగర్ కూడా తగ్గుతుంది అని ఒక డబ్బా తెచ్చి ఇచ్చింది. వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ డబ్బా పక్కన పెట్టి డాక్టర్‌గారు చెప్పిన నడక మొదలుపెట్టండమ్మా. అలాగని మీ తోడికోడలుగారు చెప్పినదంతా తప్పని కాదు, అందులో మొదటి సగం నిజమే. ఆ నిజం వల్లే చాలామంది ఈ బిళ్ళల దగ్గర ఆగిపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పరగడుపున 100 నుంచి 125 మధ్య, మూడు నెలల సగటు 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. మన దేశంలో 13.6 కోట్ల మంది ఈ గీత మీద ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క తేల్చింది, అంటే షుగర్ వచ్చినవాళ్ళ కంటే వీళ్ళే ఎక్కువ. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉన్నప్పుడు కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా మీద భారం పెరిగి, ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన కణికలు మామూలు కంటే ఎక్కువగా పుడతాయి. అవి రక్తనాళాల లోపలి పొరను, కంటి వెనక రెటీనాను, కిడ్నీని, నరాలను మెల్లగా దెబ్బతీస్తాయి. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకు వీటిని తట్టుకునే ఎంజైములు అసలే తక్కువ. ఇదంతా షుగర్ అని పేరు పడ్డాకే మొదలవదు, అంతకు ముందే మొదలవుతుంది. ఆ మాట మీ తోడికోడలుగారు సరిగ్గానే చెప్పారు.

విటమిన్ సి చేసే పని ఈ ఫ్రీ రాడికల్స్‌కి ఎలక్ట్రాన్ ఇచ్చి వాటిని శాంతపరచడం. మేక, ఎలుక లాంటి జంతువులు దాన్ని తమ ఒంట్లోనే గ్లూకోజ్ నుంచి తయారుచేసుకుంటాయి, మనకు ఆ చివరి ఎంజైమ్ లేదు, తిండి నుంచే రావాలి. పని చేశాక విటమిన్ సి రూపం మారుతుంది, ఆ మారిన రూపం తిరిగి కణంలోకి వెళ్ళడానికి గ్లూకోజ్ వెళ్ళే దారే వాడుకుంటుంది. ఒకే తలుపున్న పల్లెవెలుగు బస్సుకి ఊరంతా ఎగబడితే వెనకున్నవాళ్ళు కిందే మిగిలిపోతారు చూడండి, గ్లూకోజ్ పెరిగినప్పుడు విటమిన్ సి పరిస్థితీ అంతే. న్యూజిలాండ్‌లో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్ళ రక్తంలో విటమిన్ సి మామూలువాళ్ళ కంటే తక్కువగా కనిపించింది. బరువు ఎక్కువగా ఉండటం, సిగరెట్ తాగడం కూడా దాన్ని తగ్గిస్తాయి.

మరి తగ్గినదాన్ని బిళ్ళతో నింపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నాకూ అది సబబైన ఆలోచనగానే కనిపిస్తుంది, కానీ పెద్ద ఎత్తున పరీక్షించి చూస్తే ఫలితం అలా రాలేదు. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఇరవై వేల మందికి పైగా మనుషులను పన్నెండేళ్ళు గమనించినప్పుడు, రక్తంలో విటమిన్ సి బాగా ఉన్నవాళ్ళకు షుగర్ చాలా తక్కువగా వచ్చింది. అయితే వాళ్ళు పళ్ళూ కూరగాయలూ బాగా తినేవాళ్ళు. అమెరికాలో గుండెజబ్బు ముప్పున్న ఆడవాళ్ళు, అప్పటికి షుగర్ లేని 6,574 మందిలో కొందరికి రోజూ 500 మిల్లీగ్రాముల విటమిన్ సి, కొందరికి ఉత్తి బిళ్ళ ఇచ్చి తొమ్మిదేళ్ళకు పైగా చూశారు, 2009లో ఫలితాలు వచ్చాయి. షుగర్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నార్ఫోక్‌వాళ్ళ విషయంలో పని చేసింది ఆ తిండి మొత్తమే, అందులోంచి విడదీసిన ఒక్క విటమిన్ కాదు అని నేను అనుకుంటున్నాను.

ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళలో మాత్రం కొన్ని చిన్న పరీక్షలు ఆశ కలిగించాయి. ఆస్ట్రేలియాలో 2019లో 31 మందికి రోజుకు రెండు పూటలా 500 చొప్పున నాలుగు నెలలు ఇస్తే భోజనం తర్వాత షుగర్ తగ్గింది. కానీ పట్టుమని యాభై మంది కూడా లేని పరీక్షను చూసి జీవితాంతం బిళ్ళ మింగమని నేను చెప్పలేను.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి. జర్మనీలో 2009లో యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు, సగం మందికి రోజూ వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతోపాటు విటమిన్ ఇ ఇచ్చారు. బిళ్ళలు లేనివాళ్ళలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది, బిళ్ళలు వేసుకున్నవాళ్ళలో ఆ మెరుగుదల రాలేదు. వ్యాయామంలో పుట్టే కొద్దిపాటి ఫ్రీ రాడికల్సే కండరానికి బలపడమని సంకేతం ఇస్తాయట, బిళ్ళ ఆ సంకేతాన్నే అణిచేసినట్టుంది. మీకు రాసిన మందు నడక ఒక్కటే, దాని ఫలితానికే అడ్డుపడే అవకాశమున్న డబ్బా మీకెందుకు చెప్పండి?

ఆ నడకకేమో గట్టి రుజువుంది. అమెరికాలో 2002లో వచ్చిన ఫలితాల్లో, బరువు 7 శాతం తగ్గించుకుని వారానికి 150 నిమిషాలు నడవాలనే లక్ష్యం పెట్టుకున్నవాళ్ళకు షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వేసుకున్నవాళ్ళకు 31 శాతమే. మన దగ్గర చెన్నై డాక్టర్లు 2006లో ఇలాంటి పరీక్షే చేస్తే నడక, తిండి మార్పులతో 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ కూడా దాదాపు అంతే తగ్గించింది. కణాలను కాపాడుకోవాలంటే ముందు గ్లూకోజ్ తగ్గాలి, ఎందుకంటే దెబ్బ మొదలయ్యేది అక్కడే. (ఒకవేళ ముందుముందు మీకు మెట్‌ఫార్మిన్ రాస్తే, ఏళ్ళ తరబడి వాడినప్పుడు తగ్గేది బి12, దాన్ని అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోండి.)

ఇక మీకు కావలసిన విటమిన్ సి ఎంత? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆడవాళ్ళకు రోజుకు 65, మగవాళ్ళకు 80 మిల్లీగ్రాములు చాలంటుంది. వంద గ్రాముల జామకాయలో 200కి పైనే ఉంటుంది. రోజుకి 400 దాటాక రక్తంలో దాని స్థాయి పెద్దగా పెరగదు, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. పోయేటప్పుడు కొంత ఆక్సలేట్‌గా మారుతుంది, కిడ్నీలో రాళ్ళకు అదొక కారణం. స్వీడన్‌లో విటమిన్ సి బిళ్ళలు వాడే మగవాళ్ళలో రాళ్ళు దాదాపు రెట్టింపు కనిపించాయని 2013లో తేలింది. ఇంట్లో ఎవరికైనా రాళ్ళుంటే, లేదా ఉద్దానం వైపు చాలామందికి ఉన్నట్టు కిడ్నీ పనితనం తగ్గి ఉంటే, ఈ పెద్ద డోసు బిళ్ళల జోలికి అసలు పోవద్దు. పళ్ళూ కూరలూ బొత్తిగా తినలేకపోతున్నా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా అది వేరే సంగతి, అప్పుడు డాక్టర్‌గారే చూసి రాస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్ పంపాడు. జలుబు చేసిందని నీళ్ళలో వేస్తే పొంగే వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్ళ రోజూ తాగుతున్నాను. అప్పటి నుంచి సెన్సర్‌లో షుగర్ ఎక్కువ చూపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: టెన్షన్ పడకండి, ముందు ఆ బిళ్ళ ఆపి చూడండి. సెన్సర్ గ్లూకోజ్‌ను నేరుగా చూడదు, రసాయన చర్యలో వచ్చే చిన్న కరెంటును కొలుస్తుంది. విటమిన్ సి కూడా ఎలక్ట్రాన్లు ఇచ్చేదే కదా, కొన్ని సెన్సర్లకు ఆ తేడా తెలియక ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. వాటితో వచ్చే కాగితంలోనే విటమిన్ సి రోజుకి ఎంత దాటితే అంకెలు తప్పొచ్చో రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. వేలికి గుచ్చి చూసే కొన్ని మీటర్లలోనూ ఇదే ఇబ్బంది ఉంది, బిళ్ళలతో తక్కువ, సెలైన్‌లో ఎక్కించుకుంటే చాలా ఎక్కువ. ముఖం మెరవడానికని క్లినిక్కుల్లో విటమిన్ సి ఎక్కించుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి, తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మూత్రం పట్టీలతో అయితే దీనికి రివర్స్, షుగర్ ఉన్నా లేదని చూపించవచ్చు. అందుకే ల్యాబ్‌కి వెళ్ళినా బిళ్ళ సంగతి ముందే చెప్పండి. పొంగే బిళ్ళల్లో సోడియం కూడా ఉంటుంది, బీపీ ఉంటే అదొకటి.

ప్రశ్న: ఉసిరికాయ పచ్చడి రోజూ తింటే విటమిన్ సి అందుతుందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కొంత అందుతుంది, కానీ దాంతోపాటు ఉప్పు, నూనె ఒంట్లోకి చాలా వెళ్తాయి కాబట్టి రోజూ వద్దు. సీజన్‌లో పచ్చి ఉసిరికాయ ఒకటి తినండి, మిగతా రోజుల్లో దోరజామ. బత్తాయి జ్యూస్ తీయకుండా తొనలే తినండి, పీచు ఉంటేనే షుగర్ మెల్లగా ఎక్కుతుంది. విటమిన్ సి వేడికి పోతుంది, ఉడికించిన నీళ్ళలోకి దిగిపోతుంది, అందుకని నిమ్మరసం, కొత్తిమీర స్టవ్ కట్టేశాకే వేయండి.