పక్కనే రైడర్ ఉన్నా పార్సిల్ ఆర్డర్ దూరంగా ఉన్నవాళ్లకు ఎందుకు వెళ్తుంది?

చాలా డెలివరీ యాప్‌లు ఒక్కో ఆర్డర్‌ను విడిగా చూడవు. కొన్ని సెకన్లలో వచ్చిన ఆర్డర్లన్నిటినీ, ఖాళీగా ఉన్న రైడర్లందరినీ కలిపి చూసి మొత్తం ఆలస్యం తగ్గేలా జతచేస్తాయి, అందుకే కొన్నిసార్లు దగ్గరున్నవాళ్లకు ఆర్డర్ రాదు.

అమీర్‌పేటలో రెండు షాపులు, ఇద్దరు రైడర్లు ఉన్నారనుకోండి. రవి మొదటి షాపుకు 2 నిమిషాల్లో, రెండోదానికి 3 నిమిషాల్లో చేరగలడు. సలీంకు మొదటిది 4, రెండోది 12 నిమిషాలు. దగ్గరివాడని మొదటి షాపును రవికిస్తే, రెండోది సలీంకే మిగులుతుంది: మొత్తం 14 నిమిషాలు. తారుమారు చేస్తే 7 నిమిషాలే. మొదటి షాపువాళ్లు 2 నిమిషాలు అదనంగా ఆగాలి, నిజమే. రెండో షాపువాళ్లకు 9 నిమిషాలు కలిసొస్తాయి. గణితంలో ఇది పాత లెక్కే, అమెరికా గణితవేత్త హెరాల్డ్ కున్ 1955లోనే దీనికి పద్ధతి చూపించాడు. ఇద్దరైతే నోటిలెక్క చాలు, వందలమంది ఉంటేనే కంప్యూటర్ కావాలి.

అసలు ‘దగ్గర’ అంటే మ్యాప్‌లో గీత పొడవు కాదు, ప్రయాణ సమయం. మెట్రో పిల్లర్లకు అవతలివైపున్న బండి కంటికి పది అడుగుల్లోనే ఉంటుంది, కానీ యూటర్న్ తిరిగి రావాలి కదా!

పక్కనే ఉన్నా ఆర్డర్ రాకపోతే యాప్ తమ ఐడీని తొక్కేస్తోందని రైడర్లు అనుకుంటారు. కొన్ని యాప్‌లు రేటింగ్, క్యాన్సిలేషన్లు కూడా లెక్కలోకి తీసుకుంటాయి, కాదనలేం. అయితే ఒక్క ఆర్డర్ తప్పిపోయినంత మాత్రాన కారణం అదేనని చెప్పలేం.