ఆఫీసు బ్రాకెట్‌లో సీడ్ నంబరుని ఎంతవరకు నమ్మొచ్చు?

ఆట పెద్దగా తెలీదు, మార్చిలో ఆఫీసువాళ్లు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ బ్రాకెట్ (ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే రాసే పట్టీ) నింపమంటున్నారు, ప్రతి మ్యాచ్‌లో పై సీడ్‌కే టిక్కు పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. సీడ్ అంటే బలాన్ని బట్టి జట్టుకిచ్చే ర్యాంకు. జట్లని నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపులో 1 నుంచి 16 దాకా ఇస్తారు, 1 అంటే అందరికన్నా బలమైనది. ఒహాయోలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేనూ ఏటా నింపుతున్నాను. ప్రతిసారీ పై సీడ్‌కే పెడితే పరువు దక్కుతుంది గానీ పూల్ (అందరి బ్రాకెట్ల మధ్య పాయింట్ల పోటీ) గెలవడం కష్టం. ఆఫీసులో సగంమంది చేసేది అదే మరి.

1985లో 64 జట్లు అయిన దగ్గర్నుంచి 2025 వరకు 40 టోర్నమెంట్లు జరిగితే (2020లో కోవిడ్ వల్ల లేదు), 26 సార్లు కప్పు కొట్టింది 1వ సీడే. మొదటి రౌండులో 16వ సీడ్ చేతిలో 1వ సీడ్ ఓడింది రెండే రెండుసార్లు. 2023లో పర్డ్యూ, అంతకుముందు 2018లో వర్జీనియా. వర్జీనియాని ఓడించింది మనవాళ్లు ఎమ్మెస్‌కి వెళ్లే యూఎంబీసీ (మేరీల్యాండ్‌లోని ఒక యూనివర్సిటీ). హాఫ్‌టైమ్‌కి 21-21, చివరికి 74-54! నా రూమ్మేట్ అక్కడే చదివాడు. వాళ్ల కాలేజీకి బాస్కెట్‌బాల్ జట్టుందని వాడికి తెలిసింది ఆ రాత్రే. అయినా సరే, అక్కడ 16కి టిక్కు పెట్టకండి.

అసలు గమ్మత్తు మధ్య నంబర్లలో ఉంది. 8, 9 సీడ్లు చూడ్డానికి 12 కంటే మెరుగే. కానీ వాటిలో ఏది గెలిచినా రెండో మ్యాచే దాదాపు ఎప్పుడూ 1వ సీడ్‌తో. అదే 12వ సీడ్‌కి ముందు 5, తర్వాత 4 లేదా 13. 1వ సీడ్ మొహం చూడాల్సింది మూడో రౌండులోనే. అందుకే చివరి పదహారు జట్లలోకి 8 కంటే, 9 కంటే కూడా విడివిడిగా చూస్తే 12లే ఎక్కువసార్లు వచ్చాయి. 5-12 మ్యాచుల్లో మూడింట ఒకటి 12 కొట్టుకుపోతుంది కాబట్టి, నాలుగింటిలో ఒకటి నేను తప్పకుండా 12కి వదిలేస్తాను. 5వ సీడ్ ఇంతవరకు కప్పు ముట్టుకోనే లేదు, పాపం. 1985లో విలనోవా 8వ సీడ్‌గా గెలిచిందని ఎవరో ఒకరు వాదనకి దిగుతారు. నిజమే, కానీ ఆ తర్వాత అంత కింది సీడ్ ఎవరూ గెలవలేదు.

పాయింట్ల లెక్క కూడా చూసుకోండి. చాలా పూల్స్‌లో రౌండు రౌండుకీ పాయింట్లు రెట్టింపవుతాయి. అంటే మొదటి రౌండు 32 మ్యాచులూ కరెక్టుగా చెప్పినా, ఒక్క విజేతని చెప్పినా ఒకటే. కాబట్టి విజేతగా 1వ సీడ్‌నే పెట్టండి, కాకపోతే అందరూ పెట్టే జట్టుని కాదు. చివరి నాలుగులో నాలుగూ 1వ సీడ్లే పెట్టొద్దు. అలా జరిగింది 2008లో, 2025లో మాత్రమే. 2023లో ఒక్కటీ రాలేదు. నేనైతే రెండు పెడతాను.

ఆదివారం బ్రాకెట్ రాగానే నింపేయకండి. బుధవారం రాత్రికి మొదటి రౌండుకి ముందు చివరి చోట్ల కోసం ఆడే అదనపు మ్యాచులు అయిపోతాయి, గాయాల కబుర్లూ తెలుస్తాయి. గురువారం మధ్యాహ్నం మొదటి మ్యాచ్ మొదలయ్యేలోపు పంపితే చాలు.