టెక్ సందేహాలు: రూపాయి బిళ్లతో టోన్‌ఆర్మ్ బాగుపడదు

కొత్తగా టర్న్‌టేబుల్ కొన్నవారూ, తాతల నాటి ప్లేయరును అటక మీది నుంచి దింపి దుమ్ము దులిపినవారూ రాసే ఉత్తరాలు కొన్ని నెలలుగా ఆగకుండా వస్తున్నాయి. ఊళ్లు వేరు, యంత్రాలు వేరు, ఫిర్యాదు మాత్రం ఇంచుమించు ఒకటే. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని టోన్‌ఆర్మ్‌కే, అంటే రికార్డు మీద ముల్లును మోసే చేతికే కేటాయిస్తున్నాను. ఏ వైరు ఎక్కడ గుచ్చాలి, రికార్డును ఎలా పట్టుకోవాలి వంటివి పెట్టెలో వచ్చిన పుస్తకంలో ఉంటాయి గనుక వాటి జోలికి వెళ్లడం లేదు.

ప్రశ్న: పాట మధ్యలో ముల్లు గాడి తప్పి దూకుతోంది. టోన్‌ఆర్మ్ ముందు కొసన ఉండే హెడ్‌షెల్ మీద రూపాయి బిళ్ల పెడితే దూకడం ఆగింది. వెనక కొసన తిప్పే బరువు, కౌంటర్‌వెయిట్ మీద అంకె 2 దగ్గరే ఉంది. ఇలాగే వాడుకోవచ్చా? (విజయవాడ)

వాడుకోకూడదు. 2011లో వచ్చిన నమూనా రూపాయి బిళ్ల 3.79 గ్రాములు తూగుతుంది. ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న డబ్బా కార్ట్రిడ్జ్. అందులో మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం కోరుకునే ఒత్తిడి 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఉంటుంది. అంటే వెంట్రుక కన్నా సన్నని కొన మీద, అది మోయవలసిన దానికి రెండింతల భారాన్ని అదనంగా ఎక్కించారన్న మాట. ముల్లు దూకడం ఆగింది నిజమే, కానీ ముల్లును మోసే సన్నని కడ్డీ కుంగిపోయి కార్ట్రిడ్జ్ పొట్ట రికార్డుకు తగిలే పరిస్థితి వస్తుంది, గాడి గోడలు ప్రతిసారీ అరిగిపోతూ ఉంటాయి.

అసలు తప్పు మీ ప్రశ్నలోనే ఉంది. అంకె 2 దగ్గర ఉన్నంత మాత్రాన ముల్లు మీద 2 గ్రాములు పడుతున్నట్టు కాదు. టోన్‌ఆర్మ్ ఒక తక్కెడ. ఖాళీ తక్కెడ సమంగా నిలిచిందో లేదో చూడకుండా సరుకు తూచే కొట్టువాడి దగ్గర మనం పప్పు కొనం కదా, ఇక్కడా అంతే. ముల్లుకున్న ప్లాస్టిక్ తొడుగు తీసి, ముల్లు లోపలికి లాగకుండా ఆపే యాంటీ స్కేటింగ్ మీటను 0కు తిప్పి, చేతిని ఆనుడు గుంజ నుంచి విడిపించి, కౌంటర్‌వెయిట్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ వెళితే ఒకచోట చేయి పైకీ లేవక కిందికీ వాలక, గాలిలో నీటి మీది ఆకులా నిలుస్తుంది. అప్పుడు చేతిని తిరిగి గుంజకు బిగించి, బరువును కదలనివ్వకుండా పట్టుకుని, ముందున్న అంకెల కట్టును మాత్రమే తిప్పి 0ను గీతకు తేవాలి. ఆ తరవాతే బరువును, దానితో పాటు అంకెల కట్టును కలిపి, మీ కార్ట్రిడ్జ్‌కు చెప్పిన అంకె వరకు తిప్పాలి. అంకెల కట్టు విడిగా తిరుగుతుందన్న చిన్న సంగతి తెలియకపోవడమే ఇన్ని ఉత్తరాలకు మూలం.

ఆ అంకెలను కూడా నేను పూర్తిగా నమ్మను. ముల్లు ఒత్తిడిని తూచే చిన్న డిజిటల్ త్రాసులు 0.01 గ్రాము వరకు చూపిస్తాయి, ధర కూడా ఎక్కువ కాదు. త్రాసును ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మీద, రికార్డు ఉండే ఎత్తులోనే పెట్టి తూచాలి. ఇనుము కలిసిన త్రాసైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దానికి అతుక్కునేందుకు చూసి తప్పు లెక్క చూపిస్తుంది. తయారీదారు 1.8 నుంచి 2.2 గ్రాములు అని చెబితే మధ్యలోనో కాస్త పైనో ఉంచండి. తక్కువ పెడితే రికార్డు అరగదని చాలామంది అనుకుంటారు, అది అపోహ. బరువు చాలని ముల్లు గాడిలో నిలవక రెండు గోడలకూ కొట్టుకుంటూ వాటిని చెక్కేస్తుంది. కొంచెం ఎక్కువ బరువు చేసే హాని దీనికన్నా తక్కువే.

ఈ సందర్భంగా నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. సూట్‌కేసు ఆకారంలో, లోపలే స్పీకర్లతో, ముద్దుముద్దు రంగుల్లో వచ్చే ప్లేయర్లను జనం బహుమతులుగా కొనిస్తున్నారు. వీటిలో చాలావాటికి కౌంటర్‌వెయిట్ ఉండదు, యాంటీ స్కేటింగ్ ఉండదు, కార్ట్రిడ్జ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే వీలు ఉండదు. సెరామిక్ కార్ట్రిడ్జ్ పెట్టి, 5 గ్రాములో అంతకన్నా ఎక్కువో ఒత్తిడితో కట్టేసి, సర్దుబాటు అవసరమే లేదని అదొక గొప్పగా అమ్ముతున్నారు. పైగా స్పీకరు అదే డబ్బాలో మోగుతూ ముల్లును కదిలిస్తుంటుంది. అవసరం లేకపోవడానికీ, అవకాశం లేకుండా చేయడానికీ తేడా ఉంది. మీది అటువంటిది కాదు, మీకు కౌంటర్‌వెయిట్ ఉంది. బిళ్లను జేబులో వేసుకుని కౌంటర్‌వెయిట్‌ను వాడుకోండి.

ఒత్తిడి కుదిరాక యాంటీ స్కేటింగ్‌ను అదే అంకెకు తిప్పండి. చేతి కోణం వల్లా గాడి రాపిడి వల్లా ముల్లు లోపలి వైపుకు లాగుతూ ఉంటుంది, దానికి ఎదురులాగుడు ఇది. గాడి లేని నున్నటి రికార్డు మీద ముల్లు కదలకుండా నిలిచే వరకు సవరించమని కొందరు చెబుతారు. నున్నటి తలం మీద ఉండే రాపిడి గాడిలో ఉండే రాపిడి లాంటిది కాదు కాబట్టి ఆ పరీక్ష మీద నాకు గురి లేదు.

ప్రశ్న: మొదటి పాట హాయిగా వినబడుతుంది, చివరి పాటకు వచ్చేసరికి గాయని ‘స’, ‘ష’ పలికినప్పుడల్లా బరబరమంటుంది. ముల్లు కొత్తది, రికార్డు శుభ్రంగానే ఉంది. (హైదరాబాద్)

రికార్డు అంచున ఒక సెకనులో ముల్లు కింద సుమారు 51 సెంటీమీటర్ల గాడి జరిగితే, లోపలి చివర 21 సెంటీమీటర్లే జరుగుతుంది. అదే ‘స’ అక్కడ సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది గనుక కార్ట్రిడ్జ్ కోణంలో కొద్దిపాటి తేడా ఉన్నా అక్కడే బయటపడుతుంది. రికార్డును కోసే యంత్రం కొన అంచు నుంచి మధ్యకు తిన్నగా వెళుతుంది. మన టోన్‌ఆర్మ్ మాత్రం ఒక మూల నుంచి తలుపు తిరిగినట్టు వంపుగా తిరుగుతుంది. అందువల్ల ముల్లు గాడికి సరిగ్గా సూటిగా నిలిచే చోట్లు రెండే. బాగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం అవి కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 121 దగ్గర ఒకటి. ఈ గణితాన్ని స్వీడన్‌కు చెందిన ఎరిక్ లోఫ్‌గ్రెన్ 1938లోనే తేల్చాడు. అప్పటికి ఎల్పీ రికార్డు పుట్టలేదు, అది వచ్చింది 1948లో. ఇన్నేళ్ల తరవాత కూడా రెండు చుక్కలున్న ఒక అట్టముక్కను పెట్టెలో వేయడానికి కొందరు తయారీదారులకు చేతులు రావడం లేదు.

ఆ అట్టముక్కే ప్రొట్రాక్టర్. ఆంప్లిఫైయర్ ఆపి, దాన్ని ప్లాటర్ మీద పెట్టి, ముల్లును ఒక చుక్క మీద దించి, ఎదురుగా కూర్చుని ఒక కన్ను మూసి చూడండి. కార్ట్రిడ్జ్ పక్కలను కాదు, ముల్లును మోసే కడ్డీని గీతలతో పోల్చి చూడాలి. డబ్బా తిన్నగా ఉన్నా లోపలి కడ్డీ ఓ పక్కకు ఒరిగి ఉండవచ్చు. రెండు మరలను కొద్దిగా వదులు చేసి కార్ట్రిడ్జ్‌ను జరపడం, రెండో చుక్క మీద చూడడం, మళ్లీ మొదటిదానికి రావడం, ఇలా ఓపికగా నాలుగైదు సార్లు తిరగవలసి వస్తుంది. మరలు బిగించాక ఒత్తిడిని మళ్లీ తూచాలి. కార్ట్రిడ్జ్ రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగినా తక్కెడ మారిపోతుంది.

ప్రొట్రాక్టర్‌ను పీడీఎఫ్‌గా దింపుకుని అచ్చు వేసుకునేవారికి ఒక హెచ్చరిక. వాటిలో కొన్ని అమెరికా లెటర్ కాగితానికి గీసినవి. మన ఏ4 మీద ‘కాగితానికి సరిపెట్టు’ అని నొక్కితే బొమ్మ దాదాపు 97 శాతానికి కుదించుకుపోతుంది. అప్పుడు 66 కాస్తా 64 అవుతుంది, 121 కాస్తా 118 దగ్గరకు వస్తుంది. 100 శాతం ఎంచుకుని అచ్చు వేసి, బడిపిల్లల స్కేలుతో కొలిచి చూసుకున్నాకే మరల మీద చేయి వేయండి.

కోణం సరిచేశాక చేయి రికార్డుకు సమాంతరంగా ఉందో లేదో పక్క నుంచి చూడండి, ముందు నుంచి చిన్న అద్దంలో కార్ట్రిడ్జ్ ప్రతిబింబం ఒరిగిపోలేదని చూడండి. అంతటితో ఆగవచ్చు. ముల్లు 92 డిగ్రీల కోణంలో నిలిచిందా అని మైక్రోస్కోపు కొనేవారి ఉత్సాహాన్ని నేను కాదనను గానీ, రికార్డు మందం మారితేనే ఆ కోణం మారిపోతుందని గుర్తుచేస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన టర్న్‌టేబుల్‌ను స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వాడుతున్నాను. పాటలన్నీ బొంగురుగా, నెమ్మదిగా వస్తున్నాయి. వాట్సాప్‌లో ఒకరు పంపిన యాప్‌తో వేగం కొలిస్తే నిమిషానికి 27.8 చుట్లు అని చూపించింది. తెరవగానే కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు అడిగింది, కాదంటే మూసుకుపోతోందని అన్నీ ఇచ్చేశాను. టోన్‌ఆర్మ్ బరువు వల్ల వేగం తగ్గుతుందా? (గుంటూరు)

టోన్‌ఆర్మ్‌ను నిందించకండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికాలో 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఏసీ మోటారు ఆ ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి ఎల్పీకి ఉండవలసిన 33⅓ చుట్లు ఆరింట ఐదు వంతులై 27.8 అవుతుంది. కొన్ని నమూనాలకు 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు మీది చిన్న చక్రం) విడిగా దొరుకుతుంది, దొరకకపోతే ఫ్రీక్వెన్సీని మార్చే విద్యుత్ సరఫరా పెట్టుకోవాలి.

మీ టర్న్‌టేబుల్ కన్నా మీ ఫోనే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ప్లాటర్ మీద ఫోన్ పెట్టి వేగం కొలిచే యాప్ వాడుకునేది లోపలి జైరోస్కోపును. దాన్ని చదవడానికి ఆండ్రాయిడ్‌లో మిమ్మల్ని ఏ అనుమతీ అడగనక్కరలేదు. రికార్డులోని 3150 హెర్ట్జ్ పరీక్ష స్వరాన్ని విని వేగంలోని ఊగిసలాటను లెక్కించే యాప్ మైక్రోఫోను అడిగితే అందులో అర్థం ఉంది. ఎస్సెమ్మెస్‌లతో పని ఏమిటి? వేగం లెక్కించడానికి మీ బ్యాంకు పంపే ఓటీపీ ఎందుకు? ఓటీపీని చదవగలిగినవాడు మీ ఖాతా తలుపు దగ్గర నిలబడ్డట్టే. అది చూపించిన అంకె సరైనదే కావచ్చు, మీ నమ్మకాన్ని సంపాదించడానికి ఆపాటి నిజం చెప్పడం దానికి కష్టం కాదు. ఒకవేళ యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇచ్చి ఉంటే అది మీ తెరను చదవగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు.

ముందు ఇంటర్నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాలు రెండింటిలోనూ ఆ యాప్ పేరుంటే తీసేయండి, తీసేయకపోతే యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ కానివ్వదు. యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాక ఇంటర్నెట్ పెట్టి గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌తో ఒకసారి వెతికించి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులను ఈ ఫోన్ నుంచి కాకుండా ఇంకో పరికరం నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (యాప్‌ను నేరుగా ఫోనులో ఎక్కించే ఫైలు) పంపినవారు బంధువైనా, పాటల మీద ప్రేమతో పంపినా, తెరవకండి. ప్రొట్రాక్టర్ అన్న పేరుతో వచ్చే ఫైళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. అది కాగితం మీద అచ్చు వేసుకునే బొమ్మ, ఫోనులో ఎక్కించవలసిన అవసరమే లేదు.

వేగం కొలవడానికి యాప్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి, గోడ గడియారం చూస్తూ మూడు నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా 100 రావాలి. మీ ఇంట్లో 83 వస్తాయి.

ప్రశ్న: తాతగారి 78 వేగం రికార్డులు దొరికాయి. నా టర్న్‌టేబుల్‌లో 78 మీట ఉంది. అదే ముల్లుతో వేయవచ్చా? (రాజమహేంద్రవరం)

వేయకండి. లక్కతో చేసిన ఆ రికార్డుల గాడి ఎల్పీ గాడి కన్నా చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు కొన 18 మైక్రాన్ల వ్యాసార్ధంతో ఉంటే 78కి సుమారు 75 మైక్రాన్లది కావాలి. సన్నది గాడి అడుగున పేరుకున్న మడ్డిలో దొర్లుతుంది, పాట కన్నా చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది, ముల్లు కూడా త్వరగా అరుగుతుంది. ఇక తుడవడానికి స్పిరిట్‌గానీ ఆల్కహాల్ కలిసిన ద్రవంగానీ వాడితే లక్క కరుగుతుంది. కలకత్తా డమ్‌డమ్‌లో అచ్చయిన తెలుగు రికార్డును అలా పోగొట్టుకుంటే మరో ప్రతి దొరకడం కష్టం.

78 ముల్లున్న కార్ట్రిడ్జ్‌ను రెండో హెడ్‌షెల్‌కు బిగించి పెట్టుకోవడం తేలిక మార్గం. అయితే రెండింటి బరువూ ఒకటి కాదు, కావలసిన ఒత్తిడీ ఒకటి కాదు. హెడ్‌షెల్ మార్చిన ప్రతిసారీ తక్కెడను సున్నా నుంచి మొదలుపెట్టాలి. నా హెడ్‌షెల్ డబ్బాల మూతల మీద కాగితం అంటించి, ఏది ఎన్ని గ్రాములో పెన్సిలుతో రాసి ఉంచాను. మీరూ అలా చేస్తే ఆ రూపాయి బిళ్ల అవసరం పడదు.