ప్రాచీన నాగరికతల గురించి పిల్లలకు ఆన్‌లైన్‌లో ఏం చూపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాప ఏడో తరగతి, తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకి మారి ఏడాదే అయింది, ప్రాచీన నాగరికతల మీద రెండు వారాల్లో ప్రాజెక్టు ఇవ్వాలి, యూట్యూబ్‌లో వెతికితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు, ఎవరిని నమ్మాలి అని. నేను పల్నాడు వైపు ఒక హైస్కూల్లో పదిహేనేళ్లుగా సోషల్ చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉండేది నాన్న ఫోన్ ఒక్కటే, అది కూడా రాత్రి ఎనిమిది తర్వాతే చేతికొస్తుంది. కాబట్టి నేను చెప్పేవన్నీ ఫోన్‌లో తెరుచుకునేవి, డబ్బు కట్టనక్కర్లేనివి, మా క్లాసులో వాడి చూసినవి.

ముందు ఒక మాట. వ్యాసాలతోనూ వీడియోలతోనూ మొదలుపెట్టకండి. తవ్వకాల్లో దొరికిన ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి. ఆ వస్తువు ఏ మ్యూజియంలో ఉందో, ఆ మ్యూజియం వాళ్లు దాని గురించి పెట్టిన పేజీ ఏదో చూడండి. అది ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, దేనితో చేశారు, ఎంత పొడవు, ఇప్పుడు ఎక్కడ ఉంది అన్న వివరాలు అలాంటి పేజీల్లో ఉంటాయి. ఎవరి అభిప్రాయంతోనూ పని లేకుండా పాప కాళ్ల కింద నేల గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎన్ని వీడియోలు చూసినా ఫరవాలేదు, ఎందుకంటే ఏది తేలిపోతుందో తనకే తెలుస్తుంది.

ఈ పద్ధతి నాకు ఒక దెబ్బ తగిలాకే వచ్చింది. నాలుగేళ్ల కిందట మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సింధు నాగరికత నగరం మొహెంజొదారో మీద చాలా అందమైన చార్ట్ చేసింది, మండల స్థాయి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాం. మధ్యలో అతికించిన పెద్ద బొమ్మలో నగరమంతా గుమ్మటాలు, రోడ్ల మీద గుర్రపు బగ్గీలు, రెండూ అక్కడి తవ్వకాల్లో కనబడనివి. చూడ్డానికి వచ్చిన మాస్టారు ఒకాయన "ఇది ఎక్కడిదమ్మా?" అని మెల్లగానే అడిగారు. ఒక వీడియోలోంచి స్క్రీన్‌షాట్ తీశానంది. ఆయన ఏమీ అనలేదు, కానీ పక్కవాళ్లు నవ్వారు, ఆ పిల్ల బస్సులో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, బొమ్మను ఎలా పరీక్షించాలో నేను చెప్పలేదు. అప్పటినుంచి మా క్లాసులో ఒకటే రూలు: చార్ట్ మీద ఏ బొమ్మ అంటించినా కింద మూడు విషయాలు రాయాలి. దొరికిన ఊరు, ఉన్న మ్యూజియం, మ్యూజియం ఇచ్చిన నంబరు. ఈ మూడూ దొరకని బొమ్మ చార్ట్ ఎక్కదు.

సింధు నాగరికతకి నేను మొదట చూపించేది హరప్పా డాట్ కామ్. 1995 నుంచి నడుస్తున్న సైటు, అక్కడ రాసేవాళ్లలో తవ్వకాలు స్వయంగా చేసిన పురావస్తు శాస్త్రవేత్తలు ఉన్నారు. జొనాథన్ మార్క్ కెనోయర్ అని హరప్పాలో 1986 నుంచి పనిచేసినాయన 90 స్లైడ్లతో మొత్తం సింధు ప్రాంతాన్ని తిప్పి చూపిస్తారు. ఒక్కో స్లైడుకి ఒక ఫొటో, కింద నాలుగైదు వాక్యాలు, అంతే. నెట్ స్లోగా ఉన్నా తెరుచుకుంటుంది. రోజుకు పది స్లైడ్లు చూస్తే తొమ్మిది రోజుల్లో అయిపోతుంది, మీకున్న రెండు వారాల్లో ఇంకా టైం మిగులుతుంది.

మా క్లాసులో అన్నిటికన్నా బాగా పనిచేసింది మొహెంజొదారోలో దొరికిన కంచు నాట్యకత్తె బొమ్మ. పుస్తకంలో పేజీలో సగం ఉంటుంది కాబట్టి పిల్లలు దాన్ని గుడి ముందు విగ్రహమంత ఊహించుకుంటారు. ఎంత ఎత్తుంటుందని అడిగితే ఒకడు తన నడుము దాకా చెయ్యి చూపించాడు, ఇంకొకడు తలుపంత అన్నాడు. మ్యూజియం వివరాల్లో 10.5 సెంటీమీటర్లు అని ఉంటుంది. స్కేలు తీసి నోట్‌బుక్‌లో గీయమన్నాను. పక్కన బాల్‌పెన్ను పెట్టి చూసుకుంటే పెన్నే పొడుగు. క్లాసంతా ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి, "ఇంత చిన్న చేతికి అన్ని గాజులు ఎట్లా చెక్కారు టీచర్?" అంది. చెక్కింది కాదు, మైనంతో బొమ్మ చేసి, దానిమీద మట్టి పూసి, కాల్చి మైనం కరిగిపోయాక ఆ ఖాళీలో కరిగించిన కంచు పోశారు అని చెప్పాను. లోహపు పనికి అంతకన్నా మంచి పాఠం నేను ఎప్పుడూ చెప్పలేదు, దానికి దారి తీసింది ఒక్క కొలత.

అలాంటిదే తూకపురాళ్ల విషయం కూడా. హరప్పా వాళ్ల ఘనాకారపు రాళ్లు 1, 2, 4, 8, 16, 32, 64 చొప్పున పెరుగుతాయి, అందులో 16 అన్న రాయి సుమారు 13.7 గ్రాములు ఉంటుంది. ఈ ఏడు రాళ్లూ ఒక్కొక్కటి ఉంటే 1 నుంచి 127 దాకా ఏ బరువైనా తూయొచ్చు. పాపని కాగితం మీద ప్రయత్నించమనండి, లెక్కల టీచర్ కూడా సంతోషిస్తారు.

సింధు లిపి దగ్గర మాత్రం జాగ్రత్త. "లిపిని చదివేశారు" అని ప్రతి నెలా ఒక వీడియో వస్తుంది. అందరూ ఒప్పుకునేలా ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు. గుర్తులు సుమారు 400 ఉన్నాయి, ఒక్కో రాత సగటున 5 గుర్తులే ఉంటుంది, అదే విషయం ఇంకో తెలిసిన లిపిలో కూడా రాసి ఉన్న రాయి మనకి దొరకలేదు. ఈజిప్టుకి ఆ అదృష్టం పట్టింది, 1799లో దొరికిన రొసెట్టా రాయి మీద ఒకే ఆజ్ఞ మూడు రకాల రాతల్లో ఉంది కాబట్టే 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచ్ పండితుడు ఈజిప్టు లిపిని చదివే దారి పట్టుకోగలిగాడు. సింధు లిపిని చదివినవాళ్లకి 10 లక్షల డాలర్లు ఇస్తామని 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ఎవరైనా చదివేశామంటే, మరి ఆ బహుమతి వాళ్లకి వచ్చిందా అని పాపనే అడగమనండి.

మెసొపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతపు నాగరికతకి, బ్రిటిష్ మ్యూజియం కలెక్షన్ పేజీలు ఉన్నాయి, అవి కాక సీడీఎల్ఐ అనే డిజిటల్ లైబ్రరీ ఉంది. క్యూనిఫాం అనే మేకుల్లాంటి గుర్తుల లిపిలో రాసిన మట్టి పలకలు 3 లక్షలకు పైగా అక్కడ నమోదై ఉన్నాయి, చాలావాటికి ఫొటోలు కూడా ఉన్నాయి. చూడగానే బెదిరిపోయే సైటు, పాపని ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చోండి. అందులో బడిపిల్లల పలకలు వెతకండి. గుండ్రంగా చేతిలో ఇమిడేలా ఉంటాయి, గురువు ఒకవైపు నీటుగా రాసిస్తే శిష్యుడు దాన్ని చూసి రెండోవైపు రాసేవాడు. రెండు రాతలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో లిపి రాకపోయినా తెలిసిపోతుంది. 4 వేల ఏళ్ల కిందటి పిల్లాడి కాపీరైటింగ్ అది! మా వెనక బెంచీ వాళ్లు ఆ రోజు అడిగినన్ని ప్రశ్నలు ఏడాదంతా అడగలేదు.

ఇంకొకటి, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఎయా-నాసిర్ పలక. క్రీ.పూ. 1750 ప్రాంతంలో ఉర్ నగరంలో ఎయా-నాసిర్ అనే రాగి వ్యాపారికి నన్ని అనే ఆయన పంపిన ఫిర్యాదు ఉత్తరం. మంచి సరుకు ఇస్తానని చెప్పి నాసిరకం చూపించావు, నా మనిషిని నీ దగ్గరికి పంపితే అవమానించి వట్టి చేతులతో పంపేశావు, నన్ను ఏమనుకుంటున్నావు అని నిలదీస్తాడు. మా ఊళ్లో నకిలీ మిరప విత్తనాలకి మోసపోయిన రైతు ఇళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఆ ఉత్తరం విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మీరూ నన్ని లాగా ఒక ఉత్తరం రాయండి అంటే, ఒక అబ్బాయి వాళ్ల నాన్న పేరుతో విత్తనాల దుకాణానికి రెండు పేజీలు రాసుకొచ్చాడు. నేను దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

ఈజిప్టుకి వస్తే, గ్రహాంతరవాసులు పిరమిడ్లు కట్టారన్న వీడియోలు మీ పాపకి ఈపాటికే కనిపించి ఉంటాయి. తిట్టకండి, వాదించకండి. రెండు విషయాలు చూపించండి. ఒకటి, పిరమిడ్లున్న గీజా మీద హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల సైటు డిజిటల్ గీజా. పాత తవ్వకాల ఫొటోలు, డైరీలు, సమాధుల లోపల తిరిగి చూసే త్రీడీ నమూనాలు అన్నీ ఉచితం. రెండోది మెరెర్ డైరీ. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అనే చోట పియేర్ టాలె అనే పురావస్తు శాస్త్రవేత్త బృందానికి దొరికిన పపైరస్ కాగితాలు అవి. మెరెర్ అనే అధికారి సుమారు 40 మంది కూలీలతో తూరా గనుల నుంచి సున్నపురాయి పడవల్లో గీజాకి చేరవేస్తూ రోజువారీగా రాసుకున్న పద్దు అది, ఖుఫు రాజు పెద్ద పిరమిడ్ కడుతున్న రోజుల్లోది. ఫలానా రోజు రాయి ఎక్కించాం, ఫలానా రాత్రి ఎక్కడ పడుకున్నాం, ఇలా ఉంటుంది. మేస్త్రీ హాజరు పుస్తకం చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. గీజా పక్కనే పనివాళ్ల ఊరు కూడా తవ్వి తీశారు, రొట్టెలు కాల్చిన బట్టీలు, తిన్న పశువుల ఎముకలు దొరికాయి. ఇవన్నీ చూశాక ఆ గ్రహాంతరవాసుల మాట మా క్లాసులో మళ్లీ రాలేదు.

మీరు హైదరాబాద్‌కి దగ్గర్లో ఉంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి తీసుకెళ్లండి, అక్కడ నిజమైన ఈజిప్టు మమ్మీ ఉంది. స్క్రీన్ మీద చూసింది అద్దం వెనక కనిపిస్తే ఆ పిల్లల ముఖాలు చూడాలి.

గ్రీస్, రోమ్, చైనాలకి వరల్డ్ హిస్టరీ ఎన్‌సైక్లోపీడియా చాలు, ఈ వయసుకి సరిపోయే భాష, మంచి మ్యాపులు, వ్యాసం కింద ఆధారాలు ఇస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ సైట్లో పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం మొదటి పాఠం హరప్పా మీదే, పీడీఎఫ్ ఉచితం. ఏడో తరగతికి బరువే, కానీ అందులోని బొమ్మలు, పెట్టెల్లో ఇచ్చిన చిన్న భాగాలు పాపకి అర్థమవుతాయి, మిగతాది మీరు చదివి చెప్పండి.

భాష విషయం అసలు ఇబ్బంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తెలుగులో ఈ విషయాల మీద మంచి సరుకు తక్కువ. తెలుగు వికీపీడియా మొదటిసారి చదవడానికి బాగుంటుంది, కానీ వ్యాసం అడుగున ఆధారాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇంగ్లిష్ పేజీని ఫోన్‌లో ఆటోమేటిక్‌గా తెలుగు చేయిస్తే మా పిల్లలకి ఒకసారి "మట్టి మాత్ర" అని వచ్చింది. టాబ్లెట్ అంటే మందుబిళ్ల అనుకుంది ఆ యంత్రం. సీల్ అంటే సముద్రంలో ఉండే జంతువు అని ఇంకోచోట. అందుకే ముందే ఒక ముప్పై మాటల పట్టీ రాయిస్తాను: టాబ్లెట్ అంటే మట్టి పలక, సీల్ అంటే ముద్ర, సైట్ అంటే తవ్వకం జరిగిన చోటు, ఆర్టిఫాక్ట్ అంటే మనుషులు చేసిన వస్తువు, ఇలా. ఆ పట్టీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంటే ఇంగ్లిష్ పేజీ చూసి టెన్షన్ పడటం సగం తగ్గిపోతుంది.

చివరగా మన ఊళ్ల సంగతి. బ్రిటిష్ మ్యూజియం సైట్లో అమరావతి అని కొట్టండి. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా 1859లో లండన్ దారి పట్టాయి. అందులో ఒక పలక ఉంది, రెండువైపులా చెక్కింది. పాత వైపు బోధివృక్షానికి మొక్కుతున్న జనం, తర్వాత కాలంలో దాన్నే తిప్పి వెనక చెక్కిన వైపు స్తూపం మొత్తం, పైన గంధర్వులు, ముందు సింహాలతో సహా. స్తూపం ఎలా ఉండేదో మనకి ఇంత బాగా తెలియడానికి ఇలాంటి పలకలే కారణం. మా పిల్లలు అమరావతికి తిరునాళ్లకి వెళ్లినవాళ్లే, అయినా అక్కడ మిగిలిన మట్టిదిబ్బ, కొన్ని రాళ్లు మాత్రమే చూశారు. ఆ పలకని బోర్డు మీద పెద్దది చేసి చూపించినప్పుడు, "ఇది మన రాయేనా టీచర్, మనం చూడాలంటే లండన్ పోవాలా?" అని ఒకమ్మాయి అడిగింది. అవునమ్మా అన్నాను, కొన్ని చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉన్నాయి, అవి ముందు చూద్దాం అన్నాను. ఆ నెలలోనే బస్సు మాట్లాడుకుని వెళ్లాం.

మీ పాపకి రెండు వారాలే ఉన్నాయన్నారు కాబట్టి ఒకే నాగరికత తీసుకోమనండి, అందులో ఐదు వస్తువులు, అంతే. ఇవాళ రాత్రి ఫోన్ చేతికి రాగానే నాట్యకత్తె పేజీ తెరిచి, పక్కన స్కేలు, పెన్సిల్ పెట్టండి. గీశాక ఏమడిగిందో ఇక్కడ రాయండి, తర్వాత ఏ వస్తువు తీసుకోవాలో దాన్నిబట్టి చెబుతాను.