గాయం మానేటప్పుడు కణాలకు దారి ఎవరు చెబుతారు?

చర్మం తెగితే చుట్టూ ఉన్న కణాలు గాయం వైపే ఎందుకు కదులుతాయి, పూడగానే విభజన ఎలా ఆపేస్తాయి, అంతా రసాయన సంకేతాల పనేనా అని అడిగారు. కాదండీ. లాగుడు, ఒత్తిడి లాంటి బలాలకూ అందులో పెద్ద పాత్రే ఉంది. మన పాఠాల్లో ఆ సంగతి దాదాపు కనిపించదు, నాకు అదే బాధ.

కర్నూలులో ఇంటర్ పిల్లలకు బయాలజీ చెబుతాను. ప్రాక్టికల్స్ కోసం మార్కెట్లో ఎర్రగడ్డలు కొని నీళ్ల గ్లాసుల మీద పెడితే వేర్లు దిగుతాయి. వేరు కొన కోసి, అసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కితే, మైక్రోస్కోప్‌లో రెండు గుంపులుగా విడిపడ్డ ఎర్రటి క్రోమోజోములు కనిపిస్తాయి. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, బొమ్మలోలాగా దీనికి నడుం దగ్గర నొక్కు పడలేదేం?"

మంచి ప్రశ్న. బొమ్మలోది జంతుకణం. మొక్క కణమైతే నడిమధ్యన కొత్త గోడ కట్టుకుంటుంది. జంతుకణంలో యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లు నడుం చుట్టూ చేరి, మొలతాడు బిగించినట్టు బిగిసి కణాన్ని రెండు చేస్తాయి. ఎక్కడ బిగియాలో చెప్పేది క్రోమోజోములను లాగిన కండె, అంటే స్పిండిల్ పోగుల కట్ట. సరిగ్గా అక్కడే 'రో' అనే ప్రోటీన్‌ను అది మేల్కొలుపుతుంది. సంకేతం చోటు చూపిస్తే, తెంపే పని బలానిది.

కదలిక కూడా అంతే. గాయం దగ్గర ప్లేట్‌లెట్లు వదిలిన వృద్ధి కారకాలు అనే రసాయన సంకేతాలు తగలగానే కణం ముందు వైపు యాక్టిన్ పోగులు పెరిగి పొరను ముందుకు తోస్తాయి. కణం పొరలోని ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లు కింది నేలను పట్టుకుంటాయి, వెనుక భాగాన్ని మయోసిన్ లాక్కొస్తుంది. ఆ నేల మెత్తనా గట్టిదా అన్నది కూడా కణానికి తెలుస్తుంది. రసాయనాల్లో తేడా లేకున్నా ఫైబ్రోబ్లాస్టులు (కణజాలానికి ఆధారమిచ్చే పోగులను తయారుచేసే కణాలు) గట్టి వైపుకే నడుస్తాయని 2000లో ప్రయోగాలు చూపించాయి.

ఇక విభజన. కణం పొరలో ద్వారంలా ఉండే పియెజో1 అనే ప్రోటీన్‌ను 2010లో శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూషియన్ బృందం కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. కణం పొర సాగితే ఈ ద్వారం తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. సాగిన ఎపిథీలియల్ కణాలు (చర్మం పైపొర లాంటి పొరల్లోని కణాలు) దీనివల్లే త్వరగా విభజన చెందుతాయని 2017లో తేలింది. గాయం పూడి కణాలు కిక్కిరిస్తే, విభజనను ప్రోత్సహించే యాప్ ప్రోటీన్ కేంద్రకం నుంచి బయటికి వచ్చేస్తుంది, విభజన తగ్గుతుంది. చాలా క్యాన్సర్లలో యాప్ కేంద్రకంలోనే ఉండిపోతుంది. చోటు లేకపోయినా ఆ కణాలు పెరుగుతూనే ఉండటానికి అదొక కారణం.