క్లెజ్మర్ గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి శ్రద్ధగా చదివాను. తూర్పు ఐరోపా యూదుల క్లెజ్మర్ సంగీతాన్ని నీవు ఆద్యంతం కన్నీటిలోనే ముంచావు. అది ప్రధానంగా పెళ్ళిళ్ళలో వాయించి పొట్టపోసుకున్న వృత్తికళాకారుల సంగీతమన్న సంగతి ఆ తడిలో కనిపించకుండా పోయింది. జెరూసలేం దేవాలయం నేలమట్టమైన దుఃఖానికి గుర్తుగా మతపెద్దలు వాద్యసంగీతంపై ఆంక్షలు విధించినా, వధూవరులను సంతోషపెట్టే వేడుకకు మాత్రం మినహాయింపు ఉండేది. బద్ఖన్ అనే పెళ్ళి విదూషకుడు ప్రాసలు కట్టి వధువును ఏడిపిస్తుంటే ఫిడేలు ఆ వెక్కిళ్ళను పలికించేది. తరువాత అదే మేళం ఫ్రైలెఖ్స్ అనే హుషారైన నృత్యబాణీ అందుకొని బంధుజనాన్ని ఆడించేది. ఏడిపించడమూ ఆ తంతులో భాగమే, దానికీ డబ్బు ముట్టేది.

ఇక కథల సంగతి. 1806లో నేటి బెలారూస్‌లోని ష్క్లోవ్‌లో పుట్టిన క్లెజ్మర్ కళాకారుడు మిఖైల్ గుజికోవ్, ఊపిరితిత్తుల జబ్బుతో వేణువు వదిలిపెట్టి, గడ్డిచుట్టల మీద కొయ్యపలకలు పరిచిన వాద్యాన్ని చేపట్టాడు. 1836లో ఆయనను విన్న జర్మన్ స్వరకర్త మెండెల్సన్ ఎంతో మెచ్చుకున్నాడు. మరుసటి సంవత్సరమే గుజికోవ్ జర్మనీలోని ఆహెన్‌లో కన్నుమూశాడు. ఇంతవరకు చరిత్ర. పారిస్ స్త్రీలు ఆయన చెంపల మీది కురులను చూసి తామూ అలాగే జుట్టు దిద్దుకున్నారనీ, ఆయన వేదిక మీద వాయిస్తూనే ప్రాణం విడిచాడనీ చెప్పుకుంటారు. నీవు రెండింటినీ ఒకే స్వరంతో రాశావు. కథలను కొట్టివేయమని నేననను, నాకూ అవంటే ఇష్టమే. కాని ఎవరు, ఎందుకు అలా చెప్పుకున్నారో ఆలోచించి, "అంటారు" అన్న మాటను నిర్మొహమాటంగా వాడు. న్యూయార్క్‌లో నఫ్తులె బ్రాండ్‌వైన్ తన వేళ్ళ మర్మం ఇతరులు పసిగట్టకుండా సభకు వీపు చూపి క్లారినెట్ వాయించేవాడన్న కథ నిజమో కాదో గాని, పోటీ నిండిన ఆ వృత్తిలో బాణీయే ఆస్తి అన్న విషయం మాత్రం అందులో దాగి ఉంది.

అన్నిటికన్నా పెద్ద లోటు మోయిషె బెరెగోవ్‌స్కీ. కీవ్ కేంద్రంగా ఊళ్ళు తిరిగి, మైనపు గొట్టాలపై ఈ బాణీలను రికార్డు చేసి, స్వరలిపిలో పెట్టిన ఆ పండితుణ్ణి సోవియట్ ప్రభుత్వం 1950లో నిర్బంధించింది. 1955లో గాని ఆయన విడుదల కాలేదు. పోయాయనుకున్న ఆ గొట్టాలు 1990లలో కీవ్‌లోని వెర్నాడ్‌స్కీ గ్రంథాలయంలో బయటపడ్డాయి. నీ చిత్తుప్రతిలో ఆయన పేరే లేదు. మొదటి పుటలోని చంద్రోదయ వర్ణన తీసివేసి, ఆ చోటు ఆయనకు ఇచ్చి, వ్యాసాన్ని మళ్ళీ పంపు.